మిద్దె కిటికీ మార్చే ముందు

ఆళ్లగడ్డ పాత వీధుల్లో నడిచేవాళ్లకు ఒక తేడా ఇట్టే కనబడుతుంది. రాయీ మట్టీ కలిపి రెండడుగుల మందాన కట్టిన గోడ, ముందు నాపరాతి అరుగు, టేకు వాకిలి, అన్నీ పాతవే. కిటికీ ఒక్కటే కొత్తది. గోడ అంచుకు సమంగా బిగించిన తెల్లటి ప్లాస్టిక్ చట్రం, అందులో పక్కకు జరిగే నల్లద్దాలు. నంద్యాల పాతబస్తీలోనూ ఇదే వరస. చెద పట్టిన కిటికీని తీసేయడంలో తప్పేమీ లేదు. దాని స్థానంలో ఏది పెట్టాలో తేల్చుకోకముందే పాతదాన్ని కలప కొట్టుకు తోలేయడంతోనే నష్టం మొదలవుతుంది.

ఈ ప్రాంతపు మిద్దె కిటికీని ఒకసారి నిదానంగా చూడాలి. చాలా ఇళ్లలో దానికి నాలుగు రెక్కలు, కింద రెండు, పైన రెండు. పగలు కింది రెక్కలు మూసి పైవి తెరిస్తే వీధిలో పోయేవాళ్ల చూపు లోపల పడదు, వెలుతురు మాత్రం వస్తుంది, గదిలో పైకి చేరిన వేడిగాలి బయటికి పోతుంది. రాత్రి కింది రెక్కలు తెరిస్తే నేలమీద చాప పరుచుకుని పడుకున్నవాళ్లకు గాలి తగులుతుంది. కిటికీ నేలకు అంత దగ్గరగా ఉండేది అందుకే. అడ్డపట్టీలకు బెజ్జాలు కొట్టి ఇనుప కడ్డీలు దించారు, వెల్డింగు మాటే లేదు. చట్రాన్ని గోడ మందం నడుమ నిలిపారు కాబట్టి బయటివైపు ఎండా వానా చెక్కమీద నేరుగా పడవు, లోపలివైపు తెరిచిన రెక్కలు గోడలోనే ఒదిగిపోతాయి. కప్పులో గాలికీ వెలుతురుకూ వదిలిన కంత, అంటే గవాచి, గోడలో ఈ కిటికీ, రెండూ కలిసి ఇంట్లో గాలి ఆడేలా చేసేవి. మే నెలలో నలభై డిగ్రీలు దాటడం మామూలైన ఊళ్లలో, కరెంటు లేని కాలంలో, మనుషులు ఆ ఇళ్లలో నిద్రపోగలిగారు.

కలప దగ్గర్లోనే దొరికేది. నంద్యాలకు తూర్పున నల్లమల, పడమట ఎర్రమల, నడుమ కుందూ నది పారే నల్లరేగడి. నల్లమల టేకు, నల్లమద్ది ఇళ్లకు దూలాలై, వాకిళ్లై, కిటికీలై వచ్చాయి. ఇప్పుడా దారి లేదు. నాగార్జునసాగర్–శ్రీశైలం అడవిని 1983లో పులుల రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. ఈనాడు డిపోలో దొరికే టేకు తోటల్లో పెంచినదో, విదేశాల నుంచి ఓడల్లో దిగినదో అయి ఉంటుంది. త్వరగా పెరిగిన చెట్టులో చేవ తక్కువ, తెల్లచెక్క ఎక్కువ. చెద మొదట పట్టేది ఆ తెల్లచెక్కనే. అడవిలో ఎన్నో ఏళ్లు నెమ్మదిగా పెరిగిన చెట్టు చేవతో చేసిన పాత చట్రానికి సాటి వచ్చే కర్రను ఇప్పుడు డబ్బిచ్చి కొందామన్నా కష్టమే.

అందుకే మొదటి ప్రశ్న మార్చాలా వద్దా అన్నదే. పాత కిటికీ సాధారణంగా అంతా ఒకేసారి చెడదు. మట్టిగోడకు ఆనుకున్న పాదాలు, వాననీళ్లు నిలిచే కింది పట్టీ ముందు పోతాయి. పైన ముప్పాతిక భాగం గట్టిగానే ఉంటుంది. నేర్పున్న వడ్రంగి చెడిన పాదాన్ని ఏటవాలుగా కోసి, అదే జాతి పాత కర్రతో అతుకు వేసి, కర్ర చీలలు బిగిస్తే ఆ చట్రం ఇంకో తరం నిలబడుతుంది. 2019 సెప్టెంబరులో కుండపోత వానలకు మహానంది ఆలయంలోకే నీళ్లొచ్చాయి. అలాంటి ముంపులో నానిన రెక్కలు ఉబ్బి బిగుసుకుపోతాయి. అవి పాడైపోయాయని పారేయకూడదు, ఎండలో పెట్టి తొందరపెట్టకూడదు. నీడలో నెమ్మదిగా ఆరాక చిత్రిక పడితే మళ్లీ సరిగ్గా కూర్చుంటాయి.

నిజంగానే మార్చాల్సి వస్తే? ఇక్కడ లండన్ అనుభవం పనికొస్తుంది. అక్కడి పాత ఇళ్లకు ఒక దాని వెనక ఒకటిగా రెండు అద్దాల చట్రాలుండి, పైకీ కిందికీ జరిగే కిటికీలుంటాయి. వాటిని శాష్ కిటికీలంటారు. మన పాత రైలుపెట్టెలో గాడిలో పైకెత్తే కిటికీ తలుపు గుర్తొస్తే విషయం సగం అర్థమైనట్టే. తేడా ఏమిటంటే లండన్ కిటికీ వేళ్లమీద పడదు. చట్రం పక్కన దాచిన పెట్టెలో తాడుకు వేలాడే సీసపు లేదా ఇనుప గుండు దాని బరువును సరితూకం చేస్తుంది.

1666లో నగరం తగలబడ్డాక నిప్పు పాకకుండా వరుసగా చట్టాలు తెచ్చారు. 1709 చట్టం చెక్క చట్రాన్ని గోడ ముఖానికి నాలుగంగుళాలు లోపలికి జరపమంది. 1774 చట్టం ఆ గుండ్ల పెట్టెను కూడా ఇటుక చాటున దాచమంది. అద్దంమీద 1746 నుంచి 1845 దాకా పన్నుండేది. ఊది చేసే ఆ కాలపు అద్దం చిన్న పలకలుగానే దొరికేది. పన్ను పోయి పెద్ద పలకలు వచ్చాక బరువు పెరిగింది, నడిమి కడ్డీలు తగ్గాయి, కీళ్లు గట్టిపడటానికి చట్రం మూలల్లో కొమ్ముల్లాంటి కొసలు మొలిచాయి. ఇప్పుడు 1780ల నాటి ఇంటికి కొమ్ములున్న కిటికీ తగిలించినా, ఒకే పెద్ద అద్దంమీద ఉత్తుత్తి పట్టీలు అంటించినా తెలిసినవాళ్లు వీధి చివరి నుంచే పట్టేస్తారు.

మన మిద్దెలకు శాష్ కిటికీతో పనిలేదు. మన ఎండకు తట్టుకోవడానికి ఆ ఇంగ్లీషువాళ్లే ఈ దేశంలో బంగళాలకు వాలుపట్టీల చెక్క రెక్కలు పెట్టుకున్నారు. తీసుకోవలసింది వాళ్ల చూపును. పాతదనం తెలిసేది పువ్వులూ లతలూ చెక్కినందువల్ల కాదు. చట్రం గోడలో ఎంత లోపలికుంది, పట్టీ ఎంత మందం, రెక్కలెన్ని, ఎటు తెరుచుకుంటాయి, ఈ నాలుగూ కుదిరితే నున్నటి సాదా కిటికీ కూడా ఆ ఇంటిదే అనిపిస్తుంది. ఇవి తప్పితే ఎంత ఖరీదైన చెక్కడమైనా అద్దెకు తెచ్చినట్టే ఉంటుంది.

అల్యూమినియం, యూపీవీసీ చెడ్డవని కాదు. చెద పట్టవు, ఏటేటా రంగు అడగవు. కానీ పక్కకు జరిగే రెండు రెక్కల రకం సగమే తెరుచుకుంటుంది. మూడడుగుల కిటికీకి అడుగున్నరే గాలి. నంద్యాల ఎండలో ఇది అందం గొడవ కాదు, నిద్రకు సంబంధించిన గొడవ. అవే కొనక తప్పకపోతే రెక్కలుగా తెరుచుకునే రకం అడగాలి, గోడ అంచున కాక పాత చట్రం ఉన్న లోతులోనే బిగించమనాలి. చెక్క గీతలు అచ్చువేసిన పూత కన్నా సాదా ముదురు రంగు నయం.

కర్రతోనే చేయించేవాళ్లకు మంచి దారి పాత కలప. కూలిన మిద్దెల దూలాలూ వాకిళ్లూ డిపోలకు చేరుతూనే ఉంటాయి. ఒక దూలాన్ని కోయిస్తే కిటికీలకు కావలసిన చేవ దొరుకుతుంది. కోత మిషన్‌కు పంపేముందు మేకులన్నీ పీకించాలి, లేకపోతే రంపపు పళ్లు పోతాయి. తమిళనాడులో కారైకుడి వీధుల్లో చెట్టినాడు ఇళ్ల వాకిళ్లకూ కిటికీలకూ ఏకంగా బజారే ఉంది. అక్కడికి పోయి కొనేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. బర్మా టేకు మేడకు చేసిన చెక్కడపు కిటికీ ఆళ్లగడ్డ రాతిమిద్దెకు నప్పదు. బనగానపల్లె నవాబుల బంగళా 2009లో ‘అరుంధతి’ సినిమాతో ఊరూరా తెలిసింది. దాన్ని చూసి రైతు మిద్దెకు ఆర్చీలు పెట్టించడమూ అలాంటిదే. ఆ బంగళా, ఆళ్లగడ్డ మిద్దె రెండూ ఇప్పుడు నంద్యాల జిల్లాలోనే ఉన్నా, రెండు వేరు రకాల ఇళ్లు.

రాయికి ఈ ప్రాంతంలో కొరత లేదు. కిటికీ కింద గడపకూ పైన సజ్జాకూ బేతంచెర్ల నాపరాయి ఉండనే ఉంది. కింది రాయిని బయటికి కొంచెం వాలుగా వేయిస్తే నీళ్లు చెక్క పాదం దగ్గర నిలవవు. ఆ పాదం చుట్టూ సిమెంటుతో పూడ్చేస్తే తేమ లోపలే చిక్కుకుని చెక్కను తింటుంది. మట్టిగోడకు సున్నమే సరైన తోడు, తేమను బయటికి వదిలేస్తుంది.

రంగు గీకేటప్పుడు మాత్రం జాగ్రత్త తప్పదు. ఇంటి రంగుల్లో సీసం పది లక్షల పాళ్లలో 90 పాళ్లకు మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకుముందు పూసిన ఆకుపచ్చ, నీలం పూతల్లో సీసం ఉండొచ్చు. పొడిగా గీకితే ఆ దుమ్ము పిల్లల ఊపిరిలోకీ నోట్లోకీ పోతుంది. చెక్కను తడిపి గీకాలి, రాలిన పెచ్చులన్నీ మూటగట్టి తీసేయాలి, పని సాగినన్నాళ్లూ పిల్లల్నీ చూలింతల్నీ ఆ గదిలోకి రానివ్వకూడదు.

ఒక ఇంటితో ఆగకుండా వీధి మొత్తం ఇలా ఆలోచిస్తే ఏమవుతుందో పుదుచ్చేరిలోని వైశ్యాళ్ వీధి చూపించింది. అక్కడ ఇళ్ల ముఖాలను, అరుగులను పాత పద్ధతిలో బాగుచేసిన పనికి 2008లో యునెస్కో ఆసియా–పసిఫిక్ పురస్కారం వచ్చింది. ఆళ్లగడ్డలో ఉలి పట్టడం తెలిసిన చేతులకు కొదవ లేదు. రాతిశిల్పులకు ఊరు పేరుపడ్డది. చెక్కకు కూడా పాత పని తెలిసిన వడ్రంగులు ఇంకా ఉన్నారు, వాళ్లను అడిగేవాళ్లే తగ్గారు.

అడగడానికి పోయేటప్పుడు పాత కిటికీ ఇంట్లోనే ఉండాలి. దాన్ని ఊడదీయకముందే చట్రం మందం, గోడలో లోతు, కడ్డీల మధ్య ఎడం, నేల నుంచి ఎత్తు కాగితంమీద రాసుకోవాలి, నాలుగు వైపులా ఫొటోలు తీయాలి. ఆ కొలతలతో ముందు పెరటివైపు ఒక్క కిటికీ చేయించి, దాన్ని ఒక వానాకాలం, ఒక ఎండాకాలం చూడాలి. రెక్క బిగుసుకుందా, పాదంలో నెమ్ము చేరిందా, రాత్రి గాలి ముందులాగే వచ్చిందా గమనించి, వీధివైపు కిటికీకి ఆ తర్వాతే చేయి వేయాలి.