కుక్క మోకాలికి ఆపరేషనా?

"కుక్క మోకాలికి ఆపరేషనా! ఇదెక్కడి చోద్యంరా నాయనా!" అని ముక్కు మీద వేలు వేసుకున్నది మా అమ్మ.

సంగతేమిటంటే, మా యింట్లో ఒక కుక్క వున్నది. పేరు టైగరు. పేరుకు తగిన లక్షణం ఒక్కటీ లేదు గాని, మా అమ్మాయికి అది ప్రాణం. ఆరునెలల క్రితం వున్నట్టుండి వెనక కాలు ఎత్తిపెట్టుకుని, మూడు కాళ్ళ మీద గెంతడం మొదలుపెట్టింది. ముల్లు గుచ్చుకున్నదేమో అనుకున్నాం. పశువుల డాక్టరుగారు కాలు పట్టుకుని అటూ యిటూ కదిపి చూసి, "మోకాలి లోపలి లిగమెంటు తెగింది. ఇంత బరువైన కుక్కకు ఆపరేషను చేయించడమే మంచిది" అన్నారు. ఆయన చెప్పిన ఖర్చు నా నెల జీతంలో సగానికి తక్కువ లేదు.

అమ్మ అప్పుడు మరొక్క మాట అన్నది: "పదేళ్ళ నుంచీ నా మోకాళ్ళూ నొప్పే."

నవ్వుతూనే అన్నది. కాని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మనిషి ఎవరి కోసం, ఎందుకు పాటుపడతాడు?

ఈ ప్రశ్న నా ఒక్కడిదే కాదు. అమెరికాలోని అరిజోనా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు పలు దేశాల పండితులతో కలిసి, 27 సమాజాలకు చెందిన 7 వేల మందికి పైగా జనాన్ని యిటువంటివే అడిగి, 2020లో ఫలితాలు ప్రకటించారు. ప్రాణరక్షణ, రోగభయం, స్నేహం, హోదా, కొత్త జోడును వెదుక్కోవడం, వున్న జోడును నిలుపుకోవడం, అయినవాళ్ళను చూసుకోవడం – వీటిలో మీకు ముఖ్యమైనవేవి అన్నది ప్రశ్న. మన సినిమాలు చూసేవారెవరైనా కొత్త జోడుకే మొదటి బహుమతి యిస్తారు. తీరా చూస్తే అది వెనకబడింది! అయినవాళ్ళను చూసుకోవడం, జంటను నిలుపుకోవడం – యివే దాదాపు అన్నిచోట్లా ముందువరసలో నిలిచాయి. జోడు లేని యువతీయువకులు సైతం అదే జవాబు చెప్పారు.

బాగున్నది. అయితే, "అయినవాళ్ళు" అంటే ఎవరు? ఆ జాబితా ఎవరి యింట్లో వారిది. మా యింటి జాబితాలోకి టైగరు ఎప్పుడు దూరిందో మాకే తెలియదు.

ఇక ఆ మోకాలి కథ వినండి. మనం నిటారుగా నిలబడతాం. కుక్క ఎప్పుడూ మోకాలు వంచే నిలబడుతుంది. దాని కాలి ఎముక పైభాగం వెనక్కి వాలి వుంటుంది. అడుగు వేసినప్పుడల్లా తొడ ఎముక ఆ వాలు మీద నుంచి జారబోతుంది. జారకుండా పట్టి వుంచే తాడే లిగమెంటు. ఆటల్లో మనుషులకు అది ఒక్క దెబ్బతో తెగుతుంది. కుక్కకు చాలాసార్లు నూతిచేద తాడులాగా, పోగు పోగుగా అరిగి తెగుతుంది. అందుకే ఒక కాలికి వచ్చిన జబ్బు తరచు రెండో కాలికీ వస్తుంది.

1952లో ఫిన్లండు దేశపు పశువైద్యుడు సాకి పాట్సమా, కుక్క తొడ కండరాల మీది గట్టి పొరలోంచి ఒక పట్టీ తీసి, ఎముకల్లో తొలిచిన రంధ్రాల గుండా పోనిచ్చి, తెగిన తాడుకు బదులు నిలిపాడు. అమెరికాలో బార్‌క్లే స్లోకమ్ అనే పశువైద్యుడు మరో దారి ఆలోచించి, 1993లో వెల్లడించాడు. ఆయన తాడు జోలికే పోలేదు. వాలు వుండబట్టే గదా తాడు కావలసి వచ్చింది! ఆ వాలునే తగ్గించాడు. ఎముక పైభాగాన్ని గుండ్రని రంపంతో కోసి, కాస్త తిప్పి, లోహపు పలక పెట్టి మరలు బిగిస్తారు. ఎముక అతకడానికి రెండు మూడు నెలలు. అంతవరకు పరుగులు, గెంతులు కూడదు.

అయితే ప్రేమ వున్నంత మాత్రాన ప్రతి కీలూ బాగుపడదు. 2006లో కెంటకీ డెర్బీ పందెం గెలిచిన బార్బరో అనే గుర్రం, రెండు వారాలకే మరో పందెంలో కుడి వెనక కాలు విరగ్గొట్టుకున్నది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం పశువైద్యులు 27 మరలతో పలక బిగించి, కీలును కదలకుండా అతికించారు. ముక్కూ మొహం తెలియనివారు యాపిల్ పళ్ళు, క్యారెట్లు, శుభాకాంక్షలు పంపారు. కాని గుర్రం మనలాగా నెలల తరబడి పడుకోలేదు. బరువంతా మోసిన మిగతా కాళ్ళ గిట్టలకు జబ్బు చేసింది. బాధ తగ్గించే దారి లేక, 2007 జనవరి 29న దానికి శాశ్వత నిద్ర కల్పించారు. ఆపరేషను మన తృప్తి కోసమా, దాని సుఖం కోసమా అన్న ప్రశ్న ముందుగా వేసుకోవాలని ఆ గుర్రం నేర్పింది.

ఇదంతా కలవారి సరదా అని కొట్టిపారేయనక్కరలేదు. మన కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. మనుషులకూ పశువులకూ – యిద్దరికీ చికిత్స ఏర్పాటు చేశానని ఆయన రెండవ శాసనంలో చెప్పుకున్నాడు. ఒకరికి బదులుగా మరొకరికి అనలేదు. ఇద్దరికీ అన్నాడు.

నాకు నిద్ర పట్టకపోవడానికి కారణం అక్కడే దొరికింది. తప్పు కుక్కకు వైద్యం చేయించడంలో లేదు. కుక్క కుంటితే యిల్లంతా చూసింది. అమ్మ గోడ పట్టుకుని లేస్తే ఎవరమూ చూడలేదు. కుక్కకు నొప్పి దాచడం చేతకాలేదు. అమ్మకు చేతనయింది.

మర్నాడు ముందు ఎముకల డాక్టరు దగ్గరకు అమ్మను తీసుకువెళ్ళాను. "అరుగుదల వున్నది గాని, యిప్పుడే కోత అక్కరలేదు. తొడ కండరాలకు బలమిచ్చే వ్యాయామం, రోజూ కాస్త నడక" అన్నారాయన. ఆ తరవాతి వారం టైగరుకు ఆపరేషను జరిగింది. ఖర్చు కోసం నా కొత్త స్కూటరు ముచ్చట వచ్చే ఏటికి వాయిదా పడింది.

ఇప్పుడు రోజూ సాయంత్రం అమ్మ, గొలుసు పట్టుకుని టైగరుతో వీధి చివరిదాకా నడుస్తుంది. ఇద్దరిదీ నెమ్మది నడకే. నిన్న గుమ్మంలో నిలబడి వింటున్నాను. అమ్మ దానితో అంటున్నది: "తొందరపడకురా. ధర్మరాజు స్వర్గానికి పోతూ కూడా కుక్కను వదల్లేదు. నేను రామాలయం దాకా వెళ్తూ నిన్నొదుల్తానా?"