హాచ్ మిరప కాలుతోంది

ఆగస్టు వస్తే అమెరికాలోని న్యూ మెక్సికోలో కాలిన మిరపకాయల ఘాటు గుప్పుమంటుంది. దుకాణాల ముందు ఇనుప జాలీ పీపాలు గ్యాస్ మంటపై గిరగిరా తిరుగుతుంటాయి. అక్కడి హాచ్ లోయలో పండిన పచ్చిమిరప తొక్క నల్లబడి, పొంగి, చిటపటలాడుతుంది. వేడి కాయల్ని సంచిలో మూసి ఉంచితే ఆవిరికే తొక్క ఊడొస్తుంది. మన పచ్చిమిర్చి అంత కారం ఉండదు గానీ కండ మందం, అందుకే కాలిస్తే ఆ కమ్మదనం!

ఇంటి దగ్గర కాల్చుకోవాలంటే ఆరుబయట బొగ్గుల గ్రిల్ చాలు. కాల్చి, తొక్క తీసి, తరిగిన కాయల్ని బర్గర్ మాంసంపై పరిచి, పైన చీజ్ కరిగించాలి.

ఈ రుచికి ఫాబియన్ గార్సియా అనే శాస్త్రవేత్తకు రుణపడి ఉండాలి. లాస్ క్రూసెస్ వ్యవసాయ కళాశాలలో ఏళ్ల తరబడి శ్రమించి, 1921లో ‘న్యూ మెక్సికో నెం. 9’ మిరప రకాన్ని విడుదల చేశారాయన.

న్యూ మెక్సికో హోటళ్లలో ఎర్ర మిరపా, పచ్చి మిరపా అని అడుగుతారు. రెండూ కావాలంటే ‘క్రిస్మస్’ అనాలి.