సముద్రపు దోసకాయతో రోగనిరోధక శక్తి పెరుగుతుందా?

"డాక్టరుగారూ, మలేషియా నుంచి వచ్చిన మా బంధువులు ‘గామత్’ అని ఒక సీసా తెచ్చి ఇచ్చారు. రోజూ తాగితే రోగనిరోధక శక్తి పెరిగి జబ్బులు దగ్గరికి రావంటున్నారు. ఇంటిల్లిపాదీ వాడవచ్చునా?"

2020లో కరోనా వచ్చినప్పటినుంచి ఇటువంటి ప్రశ్నలు ఎక్కువయ్యాయి. సీసాలో ఉన్నది సముద్రపు దోసకాయ సారం. పేరు చూసి ఇదేదో కూరగాయ అనుకునేరు! ఇది జంతువు. నక్షత్ర చేపకు దగ్గర చుట్టం. సముద్రం అడుగున ఇసుకలో, బురదలో పాకుతూ ఆ బురదలోని తిండినే ఏరుకుని బతుకుతుంది. శాకాహారులు ఈ సంగతి ముందే తెలుసుకోవడం మంచిది.

దీనికి ఒక వింత గుణం ఉంది. శత్రువు మీదికి వస్తే కొన్ని జాతులు తమ పేగులనే బయటికి కక్కేస్తాయి. కొద్ది వారాలలో మళ్ళీ కొత్త పేగులు మొలుస్తాయి. అంతటి గాయాన్ని మాన్చుకోగల ప్రాణిని తింటే మన గాయాలూ మానతాయని జనం నమ్మడంలో ఆశ్చర్యమేముంది? చైనావారు దీనిని ‘హాయ్‌షెన్’, అంటే సముద్రపు జిన్‌సెంగ్ అంటారు. డాలియన్ వంటి రేవు పట్టణాలలో డిసెంబరు 22 ప్రాంతంలో మొదలుపెట్టి 81 రోజులపాటు రోజుకొకటి తినే ఆచారం ఉంది. మన ఇళ్ళలో బాలింతలకు కాయం పెట్టినట్లే మలేషియాలో గామత్ నీళ్ళు తాగిస్తారు.

ఆహారంగా చూస్తే ఇది చెడ్డదేమీ కాదు. పచ్చిదానిలో నూటికి 80 పాళ్ళకు పైగా నీరే. ఎండబెడితే మిగిలేది చాలావరకు మాంసకృత్తులు. అయితే అందులో పెద్ద వాటా కొల్లాజెన్. శరీరానికి తప్పనిసరిగా కావలసిన ట్రిప్టోఫాన్ కొల్లాజెన్‌లో బొత్తిగా ఉండదు. 6 గ్రాముల మాంసకృత్తులు ఇచ్చే కోడిగుడ్డులో అది కూడా ఉంటుంది. బలం కోసమే అయితే ఇంత ఖరీదైన సరుకు అక్కరలేదు.

ఇక నిరోధక శక్తి సంగతి. చాలామంది దీనిని నీళ్ళ ట్యాంకు అనుకుంటారు, ఎంత నింపితే అంత మంచిదని. నిజానికి అది ఇంటి కాపలా కుక్క లాంటిది. దొంగను పట్టాలి, ఇంట్లోవాళ్ళను కరవకూడదు. కరవడం మొదలుపెడితే వచ్చేవే రుమటాయిడ్ కీళ్ళవాతం, లూపస్ వంటి జబ్బులు. కనుక "పెంచుతుంది" అన్న మాట వినగానే సంతోషించకండి. దేనిని పెంచుతుంది, ఎంత పెంచుతుంది అని అడగండి.

సముద్రపు దోసకాయలో నిరోధక వ్యవస్థను కదిలించగల పదార్థం ఉన్న మాట నిజం. అది సాపోనిన్ జాతికి చెందినది. కుంకుడుకాయ నలిపితే నురుగు వచ్చేది ఇటువంటి సాపోనిన్ల వల్లనే. చేపలు తనను తినకుండా ఈ ప్రాణి తయారుచేసుకునే విషం అది. పసిఫిక్ దీవులలో దీనిని నలిపి నీటి మడుగులలో కలిపి చేపలను పట్టేవారు. మోతాదు మించితే ఎర్ర రక్తకణాల పొరకు చిల్లులు పడి కణాలు పగిలిపోతాయి. అదే అతి స్వల్ప మోతాదులో క్రిములను మింగే భక్షక కణాలను చురుకు చేస్తుంది. రష్యాలోని వ్లాదివోస్తోక్ శాస్త్రవేత్తలు ఎలుకలలో ఈ గుణాన్ని చూపారు. రక్తకణాలకు హాని తగ్గించేందుకు ఆ పదార్థాన్ని కొలెస్టరాల్‌తో కలిపి మరీ వాడారు.

సాపోనిన్లకు వైద్యంలో చోటు లేకపోలేదు. సర్పి రాకుండా 50 ఏళ్ళు దాటినవారికి వేసే షింగ్రిక్స్ టీకాలో దక్షిణ అమెరికాలోని ఒక చెట్టు బెరడు నుంచి తీసిన సాపోనిన్ ఉంటుంది. ఎంత? 50 మైక్రోగ్రాములు, అంటే గ్రాములో 20 వేలవ వంతు! కొలిచి, శుద్ధి చేసి, సూదితో కండలోకి ఇచ్చేది అది. కూరలోనో సూపులోనో తినడం వేరు. ఈ ప్రాణిని వండే ముందు పలుమార్లు ఉడికించి, రోజుల తరబడి నానబెడతారు. సాపోనిన్‌లో కొంత ఆ నీళ్ళతోనే పోతుంది. మిగిలినది పేగులనుంచి రక్తంలోకి చేరేది బహు తక్కువ. ఎలుకలలో, గాజు పాత్రలలోని కణాలలో కనిపించిన ఫలితం చూపి సీసాలు అమ్ముతున్నారు. దీనిని తిన్న మనుషులకు అంటురోగాలు తగ్గాయని గట్టి పరీక్షలలో రుజువు కాలేదు.

ఇంతకూ ఇటువంటి సీసాలకోసం ఆరాటపడేది ఎవరు? ఎక్కువగా జబ్బుపడినవారే. ప్రమాదమూ వారికే. మూత్రపిండం మార్పిడి చేయించుకున్నవారు టాక్రోలిమస్, ప్రెడ్నిసొలోన్ వంటి మాత్రలు వేసుకుంటారు. కొత్త మూత్రపిండాన్ని శరీరం తిప్పికొట్టకుండా నిరోధక శక్తిని కావాలనే అణచి ఉంచే మందులవి. ఒక చేత్తో అణచే మందు, మరో చేత్తో రెచ్చగొట్టే మందు తీసుకుంటే ఎలా? లూపస్, రుమటాయిడ్ జబ్బులున్నవారికీ ఇదే మాట.

గుండె కవాటం మార్పించుకుని వార్ఫరిన్ వాడేవారు మరీ జాగ్రత్తగా ఉండాలి. ఈ ప్రాణి చర్మంలో రక్తం గడ్డకట్టకుండా చేసే, హెపారిన్‌ను పోలిన పదార్థం ఉంది. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడేవారు, త్వరలో ఆపరేషన్ కావలసినవారు కూడా దీని జోలికి పోవద్దు. సముద్రపు తిండి పడక దద్దుర్లు, ఆయాసం వచ్చినవారికి, గర్భిణులకు కూడా వద్దు.

ఇంకొక సంగతి. మన దేశంలో 2001 నుంచి ఈ ప్రాణికి వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులో, అంటే పులితో సమానంగా, రక్షణ ఉంది. తమిళనాడు తీరాన మన్నార్ సింధుశాఖలో దొంగచాటుగా పట్టినవారు తరచు అరెస్టు అవుతుంటారు. పట్టినా, అమ్మినా 3 నుంచి 7 ఏళ్ళ జైలు. ఎవరైనా "లోకల్ సరుకు, చవకగా ఇస్తాం" అంటే దూరంగా ఉండండి.

ఇప్పటికే కొన్నాళ్ళుగా ఆ సీసా మందు తాగుతున్నారా? ఈసారి డాక్టరు దగ్గరకు వెళ్ళినప్పుడు మిగతా మందుల చీటీతోపాటు ఆ సీసాను కూడా తీసుకువెళ్ళి చూపండి. వార్ఫరిన్ వాడేవారైతే అంతవరకూ ఆగకుండా సీసాను ఇవాళే పక్కన పెట్టి, పీటీ, ఐ.ఎన్.ఆర్. రక్తపరీక్ష చేయించుకోండి. పళ్ళ చిగుళ్ళనుంచి రక్తం కారినా, విరేచనం నల్లగా తారులా అయినా, దెబ్బ తగలకుండానే ఒంటిమీద కమిలిన మచ్చలు కనిపించినా పరీక్షకోసం ఎదురుచూడకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.