మక్కలూ టర్కీ కోళ్లూ: అపోహలు – వాస్తవాలు

కేసముద్రం మార్కెట్‌కు మక్కల ట్రాక్టర్లు బారులు తీరే రోజుల్లో పెరట్లో కోళ్లకు పండుగే. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పల్లెల్లో నాలుగు టర్కీలు పెట్టుకున్నవాళ్లు కూడా "మక్కలు ఇంట్లోనే ఉన్నయి, ఇంకేం కావాలె" అనుకుంటారు. తప్పులు మొదలయ్యేది ఆ ధీమాలోనే.

అపోహ: టర్కీ కోడి టర్కీ దేశానిది, మక్క మన పాత పంట.

వాస్తవం: రెండింటి పుట్టిల్లూ మెక్సికో ప్రాంతమే. టర్కీ దేశస్థులు ఈ పక్షిని 'హిందీ' అంటారు, అంటే ఇండియా నుంచి వచ్చిందని వాళ్ల లెక్క! 1612లో గోవా నుంచి తెచ్చిన ఒక టర్కీని చూసి జహంగీర్ పాదుషా ముచ్చటపడ్డాడు. ఆస్థాన చిత్రకారుడు మన్సూర్ దాని బొమ్మ గీశాడు. మక్కజొన్న కూడా సముద్రం దాటి వచ్చిందే.

అపోహ: మక్కలు దండిగా పోస్తే టర్కీ దానంతటదే బలుస్తుంది.

వాస్తవం: కొవ్వు పట్టవచ్చు గానీ కండ పట్టదు. మక్కల్లో పిండిపదార్థం ఎక్కువ, మాంసకృత్తులు 8–9 శాతమే. టర్కీ పిల్లల దాణాలో 28 శాతం దాకా ఉండాలి. కోడిపిల్లకు 20–22 శాతం సరిపోతుంది కాబట్టి కోళ్ల దాణా కూడా వీటికి తక్కువే. పైగా లైసిన్, ట్రిప్టోఫాన్ అనే రెండు ముఖ్యమైన అమైనో ఆమ్లాలు మక్కల్లో కొరత. దాణాలో పెద్ద వాటా మక్కలదే అయినా సోయా చెక్క, ఖనిజ మిశ్రమం లాంటివి తోడు పడాల్సిందే. పెద్ద టర్కీలకు పచ్చిమేత కూడా బాగా పెట్టవచ్చు.

అపోహ: ఆకలేస్తే పిల్లలు వాటంతటవే తింటాయి.

వాస్తవం: 28 రోజులు పొదిగితే బయటికొచ్చే టర్కీ పిల్లకు తొలి రోజుల్లో చూపు సరిగా ఆనదు. దాణా ముందున్నా తినక ఆకలితో చచ్చిపోయే పిల్లలు ఉంటాయి. మంచి వెలుతురు పెట్టాలి. మక్కలను గింజలుగా వేయకుండా సన్నగా పట్టించాలి. ఉడికించిన గుడ్డును చిదిమి దాణాలో కలిపితే, తరిగిన పచ్చని ఆకు పైన చల్లితే ముక్కు అటు తిప్పుతాయి.

అపోహ: బూజు పట్టిన మక్కలు మనకు పనికిరావు గానీ కోళ్లకు నడుస్తాయి.

వాస్తవం: అన్నింటిలోకీ ప్రాణం మీదికి తెచ్చేది ఇదే. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ పిల్లలు రాలిపోయాయి. జబ్బేమిటో తెలియక దానికి 'టర్కీ ఎక్స్' అని పేరు పెట్టారు. చివరికి దొరికిన దొంగ దాణాలో కలిపిన పల్లి చెక్కకు పట్టిన బూజు. అది వదిలే విషమే అఫ్లాటాక్సిన్. అదే బూజు మక్కలకూ పడుతుంది. 1974లో రాజస్థాన్, గుజరాత్ గిరిజన పల్లెల్లో బూజు మక్కలు తిని వందమందికి పైగా చనిపోయారు. ఆ ఉదంతాన్ని పరిశోధించింది హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలే. ఈ విషం ఉడికిస్తే పోదు, కడిగితే పోదు. కల్లంలో ఎండబోసిన మక్కలు అకాల వానకు తడిస్తే వెంటనే ఆరబెట్టాలి. కొనుగోలు కేంద్రాల్లో అడిగే 14 శాతం తేమ హద్దు ఇంట్లో నిల్వకూ వర్తిస్తుంది.

అపోహ: కోళ్లకు చల్లిన చోటే టర్కీలకూ చల్లొచ్చు.

వాస్తవం: కోళ్ల పేగుల్లోని నులిపురుగుల గుడ్లతో 'బ్లాక్‌హెడ్' అనే రోగం నేలకు చేరుతుంది. కోడికి పెద్దగా ఏమీ కాదు. టర్కీకి మాత్రం కాలేయం దెబ్బతిని, గంధకం రంగులో రెట్ట పడుతుంది, ప్రాణం పోతుంది. దొడ్డి వేరుగా ఉండాలి, మేత నేల మీద కాకుండా తొట్టిలో పెట్టాలి. అనుమానం వస్తే పశువైద్యుణ్ని అడగాలి. వరంగల్ దగ్గర మామునూరులో పశువైద్య కళాశాలే ఉంది.

అపోహ: కొవ్వు పసుపుపచ్చగా ఉంటే రంగు కలిపినట్టు.

వాస్తవం: అది మక్కల రంగే. పసుపు మక్కల్లోని వర్ణకాలు కొవ్వులోకి, చర్మంలోకి, గుడ్డు సొనలోకి దిగుతాయి.

అపోహ: టర్కీని నాటుకోడి లాగే అన్ని ముక్కలూ ఒకేసారి వేసి వండాలి.

వాస్తవం: రొమ్ము మాంసంలో కొవ్వు తక్కువ, ఎక్కువసేపు మంట మీద ఉంటే పీచు పీచుగా ఎండిపోతుంది. తొడలు, కాళ్లు నరాలతో గట్టిగా ఉంటాయి. ముందు కాళ్ల ముక్కలు వేసి సన్నని సెగ మీద ఉడకనిచ్చి, రొమ్ము ముక్కలు తర్వాత వేస్తే రెండూ సమంగా కుదురుతాయి.

ఇక పక్కన ఏం పెట్టాలంటే మక్క గారెలే. కంకి మరీ లేతగా, మరీ ముదురుగా ఉండొద్దు. పచ్చిమిర్చి, ఎల్లిపాయ, జీలకర్ర వేసి నీళ్లు పోయకుండా కచ్చాపచ్చాగా రుబ్బాలి. మక్కల్లో కొరతైన లైసిన్, ట్రిప్టోఫాన్ రెండూ టర్కీ మాంసంలో పుష్కలం. పెరట్లో టర్కీకి ఒట్టి మక్కలు చాలనట్టే, మనకూ ఒట్టి మక్క గటక చాలదు. గారె, కూర, అందులోని మిరపకారం మూడింటి పుట్టిల్లూ ఒకటే. మూడూ సముద్రం దాటి వచ్చి మళ్లీ మన పళ్లెంలో కలుసుకున్నాయి.