ఏటేటా టీకా యెందుకు?

రేపల్లెకు దిగువన, సముద్రతీరమునకు చేరువనున్న గ్రామము అడవులదీవి. తొలకరి వానలు పడి, నారుమళ్లు పచ్చబడు వేళకు అచ్చట ఇంటింట దగ్గులు, తుమ్ములు వినవచ్చును. "పడిసెమే కదా! మూడు నాళ్లలో పోవును" అని పెద్దలందురు. పడిసెమైనచో పోవును. కాని పడిసెమువలె కనబడు వేరొక వ్యాధి కలదు. అది ఇన్‌ఫ్లుయెంజా, వాడుకలో ఫ్లూ జ్వరము.

పడిసెము మెల్లగా వచ్చును. ఫ్లూ జ్వరమో, ఉదయము పొలమునకు పోయినవానిని సాయంకాలమునకు మంచము పట్టించును. తీవ్రమైన జ్వరము, తలనొప్పి, ఒళ్లునొప్పులు, పొడిదగ్గు దాని లక్షణములు. ఆరోగ్యవంతులు పెక్కుమంది వారము, పది దినములలో కోలుకొందురు. వృద్ధులకు, పసిబిడ్డలకు, గర్భవతులకు, మధుమేహము, ఉబ్బసము, గుండెజబ్బు గలవారికి అది ఊపిరితిత్తులకు చేరి ప్రాణాపాయము కలిగింపవచ్చును. 1918లో ఈ వ్యాధి మన దేశమున కోటికి పైగా జనులను బలిగొన్నది. 1957లో క్రొత్తరకపు ఫ్లూ సింగపూరునుండి వచ్చిన ఓడలో మద్రాసు రేవు చేరెను. 2009లో మరియొక రకము విమానప్రయాణికునితో హైదరాబాదున దిగెను.

బాలలారా! తట్టు రాకుండ చిన్ననాట వేసిన టీకా పెక్కేండ్లు కాపాడుచుండగా, ఫ్లూ టీకాను ఏటేటా వేయించుకొనుట యెందుకని మీరడుగవచ్చును. దీనికి రెండు కారణములు కలవు. మన రక్తములోని ప్రతిరక్షకములు ఊరి కావలివారి వంటివి. దొంగ రూపము నెరిగియుండిననే వారు పట్టగలరు. ఫ్లూ వైరస్ తన పైరూపమును తరచుగా మార్చుకొనుచుండును. నిరుటి గుర్తు ఈ యేటికి పనికిరాక పోవచ్చును. అదిగాక, టీకావలన కలిగిన రక్షణయు కొన్ని మాసములకు క్షీణించును. అందుచేత ప్రపంచ ఆరోగ్య సంస్థ శాస్త్రజ్ఞులు పలు దేశముల ప్రయోగశాలల సమాచారమును పరిశీలించి, ఏటికి రెండుమారులు టీకాలో ఏయే రకములు చేర్చవలయునో నిర్ణయింతురు.

టీకాలు పెక్కింటికి వైరస్‌ను కోడిగ్రుడ్లలో పెంచి, పిమ్మట నిర్జీవము గావింతురు. కావున ఈ సూదిమందు ఫ్లూ జ్వరమును కలిగింపజాలదు.

నేను అరువది యేండ్లు దాటినవాడను. మొదటిసారి టీకా వేసినపుడు భుజమున చీమ కుట్టినట్లయ్యెను. అరగంట కూర్చుండబెట్టి పంపిరి. రాత్రి చేయి నొచ్చి, ఒళ్లు కొంచెము వెచ్చబడెను, రెండవనాటికి తగ్గెను. శరీరము క్రొత్త శత్రువును గుర్తించుచున్నదనుటకు అది సూచన. మా పొరుగింటి వృద్ధురాలికిని అట్లే జరిగినది. ఆమె మాత్రము "ఈ మందే నాకు జ్వరము తెచ్చినది, మాస్టారూ! ఇక వేయించుకోను" అనెను. మరుసటి వానకాలమున ఆమెకు నిజముగా ఫ్లూ సోకి, ఊపిరితిత్తులకు చేరెను. పలుదినములు ఆసుపత్రిలోనుండి బ్రతికి బయటపడినది. ఒకనాటి వెచ్చదనమునకును, ఆ వ్యాధికిని గల భేద మామెకు అప్పుడు తెలిసినది.

టీకా రక్షణ కలుగుటకు సుమారు రెండు వారములు పట్టును. కావున తొలకరికి ముందే వేయించుకొనుట మేలు. ఆరుమాసములు నిండని శిశువులకు వేయరాదు. తొమ్మిదేండ్లలోపు పిల్లలకు మొదటిసారి నాలుగు వారముల యెడముతో రెండు మోతాదు లిత్తురు. లోగడ టీకావలన ఊపిరాడకపోవుట వంటి బాధ కలిగినవారును, తీవ్రజ్వరముతో నున్నవారును ముందుగా వైద్యునితో చెప్పవలయును.

టీకా సంపూర్ణ కవచము కాదు. వేయించుకొన్నను కొందరికి ఫ్లూ రావచ్చును; కాని ప్రాణము మీదికి వచ్చుట అరుదగును. మీరు దగ్గునపుడు నోటికి గుడ్డ అడ్డము పెట్టుకొనుడు. చేతులు సబ్బుతో కడుగుకొనుడు. ఈ సాయంకాలము మీ యింటి తాతకును, నాయనమ్మకును ఈ పాఠము చదివి వినిపింపుడు. సూదికి భయపడువారి ప్రక్కన మనుమడు కూర్చుండిన, భయము సగము తీరును.