ఇంటి నడుమ గీత

తమిళమున ‘మిన్సారం’ అనగా విద్యుత్తు. సంసారము కూడ విద్యుత్తు వంటిదే. ఒడుపుగా వాడుకొన్నచో ఇంట దీపము వెలుగును. ఏమరుపాటున తాకినచో ప్రాణమునకే ముప్పు. ఈ భావముతోనే ‘సంసారం అదు మిన్సారం’ అను చిత్రమును మద్రాసులోని ఏ.వి.యం. సంస్థవారు 1986లో నిర్మించిరి. కథయు, సంభాషణలును, దర్శకత్వమును విసు అను రచయితవి. ఇంటి యజమాని వేషమును కూడ అతడే ధరించెను.

విసు నాటకరంగమునుండి వచ్చినవాడు. ఈ కథ అతని ‘ఉరవుక్కు కై కొడుప్పోం’ అను నాటకమునుండి పుట్టినది. ఆ పేరుతోనే 1975లో ఒక చిత్రము వెలువడినను జనము దానిని ఆదరింపలేదు. అయినను అతడు కథను విడువక, మార్పులు చేసి మరల వ్రాసెను. క్రొత్త చిత్రమున పనిమనిషి కన్నమ్మగా మనోరమ నటించినది. ఇంటివారు నోరు మెదపలేని చోట కన్నమ్మ మొగమాటము లేక మాటలాడును. ప్రేక్షకులు నవ్వుచునే నిజము గ్రహింతురు.

ఇంటి పెద్ద అమ్మయ్యప్ప మొదలియారు. పరీక్షలో పలుమార్లు తప్పిన చిన్నకొడుకునకు రెండవ కొడుకు పాఠము చెప్పుచుండగా, క్రొత్తగా కాపురమునకు వచ్చిన అతని భార్య భర్తతో మాటలాడుటకైనను తీరిక దొరకక కుములుచుండును. కూతురు తన ఇష్టము చొప్పున పెండ్లాడి, చిన్న తగవునకే పుట్టింటికి చేరును. పెద్దకొడుకు చిదంబరము మాత్రము ప్రతి రూపాయికి లెక్క చూచువాడు. ఇంటి ఖర్చునకు ఇయ్యవలసిన తన వంతు కడకే తండ్రితో వాదము పెట్టుకొనును. మాట పెరిగి, తండ్రి ఇంటిని రెండుగా చేయుచు నేలపై గీత గీయును. ఈ కుటుంబమున దుష్టుడెవ్వడును లేడు. అందువలననే ఆ గీత మనసును ఎక్కువ నొప్పించును.

నాటకమునకు ఒక ఇల్లు, నలుగురు మనుష్యులు చాలును. దూరమున కూర్చున్నవానికి నటుని కనుకొలకులు కానరావు గనుక అక్కడ భారమంతయు మాటలే మోయవలెను. నేలమీది గీత ముందు వరుసవారికి సరిగా కనబడదు. కెమెరా ఆ గీతను, దాని కిరువైపుల నిలిచిన ముఖములను దగ్గరగా చూపగలదు. విసు చిత్రమున మాటలు మెండని కొందరందురు. అది నిజమే గాని, తగవులాడు ఇంట మాటలు తక్కువగా నుండునా?

ఈ చిత్రము ఉత్తమ జనరంజక చిత్రముగా జాతీయ పురస్కారమునందు స్వర్ణకమలము పొందెను. 1987లో అదే సంస్థ దీనిని ‘సంసారం ఒక చదరంగం’ అను పేరుతో తెలుగున తీసెను. ఎస్.పి. ముత్తురామన్ దర్శకుడు, స్వయముగా నాటకకర్తయైన గొల్లపూడి మారుతీరావు తండ్రి పాత్ర వహించెను.

చెదరిన వారిని ఓర్పుతో, యుక్తితో దారికి తెచ్చునది పెద్దకోడలు ఉమ. తమిళమున ఆ పాత్ర లక్ష్మిది. తగవు తీరినది, గీత చెరపి అందరును కలిసియుందురని చూచువారు తలంతురు. ఉమ అందుకు అంగీకరింపదు. ఒకమారు పగిలిన దానిని అతికించి భయముతో కాపాడుకొనుటకంటె, వేరుగా నుండి అప్పుడప్పుడు ప్రేమతో కలిసికొనుటయే మేలని ఆమె మామగారికి నచ్చజెప్పి, భర్తతో వేరు కాపురమునకు సాగిపోవును.