తెరచాప ఉంటేనే బ్యాటరీ

నౌపడ ఉప్పు మడులు దాటి సముద్రం వైపు వెళితే ఇసుక మీదికి లాగిన ఫైబర్ తెప్పలు కనిపిస్తాయి. ఒకప్పుడు ఉద్దానం తీరంలో వేటకు తెరచాపే దిక్కు. తెల్లవారుజామున నేల గాలి తెప్పను లోపలికి తోసేది, మధ్యాహ్నం సముద్రపు గాలి ఒడ్డుకు చేర్చేది. ఇంజిన్ వచ్చాక గాలి కోసం ఎదురుచూపు తప్పింది, డీజిల్ ఖర్చు వచ్చిపడింది. ఆటోలు కరెంటుకు మారినప్పుడు పాత పడవ మారలేదా? మారుతుంది. కాకపోతే ముందు బరువు లెక్క చూసుకోవాలి.

మోటారుతో పెద్ద చిక్కు లేదు. 10 హార్స్‌పవర్ అంటే సుమారు ఏడున్నర కిలోవాట్లు. ఆ స్థాయి మోటారు ఇంజిన్ కంటే తేలిక, తిప్పగానే పూర్తి బలం ఇస్తుంది. అలలు దాటించేటప్పుడు కావలసింది అదే.

చిక్కంతా బ్యాటరీతోనే. లీటరు డీజిల్‌లో దాదాపు 10 యూనిట్ల శక్తి ఉంటుంది. చిన్న ఇంజిన్ అందులో రెండున్నర, మహా అయితే మూడు యూనిట్లే పంకాకు అందిస్తుంది, మిగతాది వేడిగా పోతుంది. అలా చూసినా 10 లీటర్ల వేటకు పాతిక ముప్పై యూనిట్లు కావాలి. లిథియం ఫాస్ఫేట్ బ్యాటరీ యూనిట్‌కు రమారమి 10 కిలోలు తూగుతుంది. అంటే 300 కిలోలు! నలుగురైదుగురు మనుషుల బరువు. వల, చేపలు దానికి అదనం. తెప్పను ఒడ్డుకు లాగేవాళ్లను అడిగితే ఇది కుదిరే పనేనా అన్నది వాళ్లే చెబుతారు.

దారి వేగం తగ్గించడంలో ఉంది. నీళ్లను చీల్చుకుంటూ పోయే పడవకు వేగం సగమైతే కావలసిన బలం దాదాపు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. ప్రయాణం రెట్టింపు సేపు పట్టినా, మొత్తం ఖర్చయ్యే శక్తి నాలుగో వంతే. 30 యూనిట్ల పని ఏడెనిమిదితో అయిపోతుంది, బ్యాటరీ 80 కిలోల లోపుకు దిగుతుంది. గాలి ఉన్నంతసేపు తెరచాప ఎత్తితే మోటారు పని అలలు దాటడానికి, గాలి పడిపోయినప్పుడు నడవడానికి మాత్రమే మిగులుతుంది. నా మటుకు పాత తెరచాప పడవలే ఈ మార్పుకు సరైనవి; తెరచాప మరిచిపోయిన వేట తెప్ప కాదు.

కేరళలో 2017 జనవరి నుంచి వైక్కం దగ్గర 75 మంది ఎక్కే ‘ఆదిత్య’ సోలార్ పడవ తిరుగుతోంది. అయితే అది వేంబనాడ్ సరస్సు: దూరం ఖాయం, రేవు ఖాయం, అలల పోటు లేదు. మన దగ్గర ఆ పోలిక నౌపడ ఉప్పుటేరుకు సరిపోతుంది, బయటి సముద్రానికి సరిపోదు.

ఉప్పు గాలి సంగతీ ఉంది. వైర్ల కొసలు, కంట్రోలర్, ఛార్జింగ్ సాకెట్ నీరు చొరని పెట్టెలో లేకపోతే త్వరలోనే తుప్పు పడతాయి. మంట భయం లేకుండా ప్రతి బ్యాటరీకీ ఫ్యూజు ఉండాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస వైపు తీరం దాటినప్పుడు కరెంటు స్తంభాలు కూలి ఊళ్లకు ఊళ్లు చీకట్లో ఉన్నాయి. అందుకే ఒడ్డున ఒక సోలార్ పలక ఉంచుకోవడం మంచిది. ఏప్రిల్ 15 నుంచి 61 రోజుల వేట నిషేధంలో బ్యాటరీని పడవలో వదిలేయకుండా, సగం ఛార్జితో ఇంట్లో నీడన పెట్టుకోవాలి.